పచ్చి మండల చప్పుడు

ముంబై కామాటిపురాలో, వరస గదుల మా చాల్‌లో పక్క గది అత్త పాలమూరు నుంచి కూలిపనికి వచ్చింది. ఆమె ఊరు నల్లమల అంచున ఉంది. ఎండాకాలం అడవి అంటుకుంటే ఊరంతా పచ్చి మండలతో కొట్టి మంటలు ఆర్పేవాళ్లట. ఆమె చెప్పింది విని ఆరుగురు కలిసి వాయించే సంగీతం రాశాను. అందులో రాగం లేదు. నేల మీద మండల దెబ్బలు, వెదురు పగిలే చప్పుడు, మెట్లు నొక్కకుండా తిత్తి ఊపితే వచ్చే హార్మోనియం గాలి, అంతే. మండలు కొట్టేది అత్తే.

కచేరీకి మాట్లాడుకున్న హాలులో మా రిహార్సల్ చూసిన మేనేజరు హిందీలో అన్నాడు: "ఈమెకు తాళం తప్పుతోంది. ఆ పని ఎవరైనా డ్రమ్మర్‌కి ఇవ్వండి. ఈమెను చివర్లో పిలిచి శాలువా కప్పుదాం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె బతుకులోంచి తీసుకున్న సంగీతానికి ఆమే పనికిరాదా? అయినా హాలు పోతుందని వెంటనే నోరు తెరవలేకపోయాను.

అత్తే నా వైపు తిరిగి అడిగింది. "మంట తాళం జూసుకుంట వస్తదా బిడ్డా? గాలి ఎటు మళ్లితే అటు ఉరికి కొట్టినం."

అప్పుడు ఆ హాలు వద్దని చెప్పాను. ఆదివారం పొద్దున చాల్ మేడ మీద వాయించాం. మధ్యలో అత్త ఆగి, గాలి చూసి, రెండో వైపుకు నడిచింది. మేమూ వాయిస్తూ వెనకే నడిచాం.

మేనేజరు మీద కోపం ఇంకా తగ్గలేదు. ఆ కాసేపు నోరు మూసుకున్నందుకు నా మీదా తగ్గలేదు.