తూకం అడిగితే ధర చెప్పాను

ఆదివారం పొద్దున్నే బాణలిలో వేరుశెనగ గుళ్లు చిటపటమని, పొట్టు మాడిన వాసన వంటింట్లోంచి హాల్లోకి వచ్చిందంటే మా ఇంట్లో ఎవరూ చట్నీ అనుకోరు. "మమ్ హ్యాజ్ ఫిల్మ్ టుడే" అంటూ మా అమ్మాయి తన గది తలుపు వేసుకుంటుంది. నేను గుళ్లను స్టీలు డబ్బాలో పోసుకుని, మూతను పక్కన వెల్లకిలా పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంటాను. ఆ వాసనకు నా నడుము ఇప్పటికీ దానంతటదే నిటారుగా అవుతుంది. వెనకాల నర్సింహారెడ్డి సార్ నిలబడి ఉన్నట్టే ఉంటుంది. ఆయన పోయి ఏడాది దాటింది.

సార్ ఒకప్పుడు నల్గొండ వైపు ఒక హైస్కూల్లో పీఈటీ. పిల్లలకు కబడ్డీ నేర్పేవారు. వ్యాయామ విద్యలో పై చదువుకని టెక్సస్ వెళ్లి, అక్కడి ఒక కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు వీడియోలు కోసిపెట్టే పనిలో చేరి, ఇరవై ఏళ్లు ఆ చీకటి గదిలోనే ఉండిపోయారు. కూతురు మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డాక ఆయనా భార్యా అక్కడి క్రెయిగీబర్న్ పేటకు వచ్చేశారు. వచ్చీ రాగానే ఇద్దరు భాగస్వాములను కలుపుకుని టైర్ల షాపు మీద ఒక గదిలో ఆఫీసు తెరిచారు. అమెరికాలో వృత్తి జట్లు ఏటా డ్రాఫ్ట్ అనే ఎంపిక జరుపుతాయి. ఏడు రౌండ్లలో, వంతులవారీగా, కాలేజీ ఆటగాళ్లను పేరు పెట్టి పిలుచుకుంటాయి. మొదటి రౌండ్లలో పిలుపు వచ్చినవాడి బతుకు మారిపోతుంది. ఏడూ దాటినా పిలుపు రానివాడు మైదానం గేటు దగ్గర ఒక్క అవకాశం కోసం నిలబడాలి. ఎవరిని ఎప్పుడు పిలవాలో ఆ జట్లకు రిపోర్టులు కావాలి. అక్కడ శనివారం ఆట ముగిసేసరికి మనకు ఆదివారం పొద్దున. వాళ్లు పడుకుని లేచేలోపు మేం ఫిల్మ్, అంటే ఆ ఆట వీడియో, చూసి రిపోర్టు పంపేవాళ్లం. మా వ్యాపార రహస్యమంతా ఇంతే.

నాకు ఆ ఆట తెలియదు. పిల్ల స్కూల్లో ఉన్న వేళల్లో చేసుకునే పని కోసం వెతుకుతుంటే, వీడియోలు చూసి గుర్తులు పెట్టాలన్న ప్రకటన కనబడింది. సార్ నన్ను కూర్చోబెట్టి ఆరు సెకన్ల ముక్క ఒకటి చూపించారు.

"ఏం చూసినవ్ బిడ్డా?"

"ఆ పొడుగాయన బంతి పట్టుకుని భలే పరిగెత్తాడండి."

"బంతిని చూసినవ్. స్టేడియంల అందరు గదే చూస్తరు. వాళ్లు టికెట్ కొనుక్కొని చూస్తరు, నీకేమో నేను జీతమిచ్చి చూపిస్త. జర ఫరక్ ఉండాలె గదా?"

మళ్లీ వేశారు. ఈసారి వరుస చివర వంగి నిలబడ్డ ఒక్కడి మీదే వేలు పెట్టారు. వాడిని డిఫెన్సివ్ ఎండ్ అంటారు. ఎదురుగా కొండలా నిలబడ్డవాడిని తోసుకుని, చుట్టుకుని, బంతి విసిరేవాడిని చేరుకోవడం వాడి పని. ఆట అటువైపు పోతే, తన అంచు వదలకుండా కాపలా కాయడమూ వాడి పనే. "కబడ్డీల కార్నర్ లెక్కనే. మొదటి అడుగు చూడు. చేతులు ముందు ఎవరియి పడ్డయో చూడు. నడుం వంగుతున్నదా, మెడ వంగుతున్నదా చూడు. మెడ వంచెటోడు దెబ్బ తింటడు" అన్నారు.

తర్వాత తన డబ్బా తీశారు. బంతి ఆ ఎండ్ దగ్గరకు రాకపోయినా, ఎవరూ చూడకపోయినా, వాడు తన పని తాను చేసిన ప్రతిసారీ ఒక పల్లీ మూతలో వేయాలి. బంతి వాడి దగ్గరకొచ్చి చప్పట్లు పడ్డ ఆటలకు పల్లీ లేదు. "గవి అందరు లెక్కవెడ్తరు" అనేవారు. ఫిల్మ్ అయ్యాక మూతలో ఉన్నవి చూసి రిపోర్టు రాయాలి. రాసేదాకా ఒక్కటీ నోట్లో వేసుకోకూడదు. మొదటి నెల నేను ఆ నియమం తప్పి, ఒక మంచి కుర్రాడి ఆటను సగం తినేశాను. సార్ డబ్బా వైపూ నా దవడ వైపూ చూసి, "మల్ల మొదటి నుంచి" అన్నారు.

ఇక నా సంగతి. మాది తెనాలిలో బట్టల కొట్టు. నాన్న కొట్టు, పెదనాన్న కొట్టు, ఇద్దరు మేనమామల కొట్లు ఒకే వీధిలో. నేను కూడికల కంటే ముందు బేరం నేర్చుకున్నాను. నచ్చిన చీరను ముందుగా పక్కకు తోసెయ్యాలని మా నానమ్మ చెప్పేది. రంగు దిగేట్టుంది, అంచు పల్చగా ఉంది, ఇలాంటిది ఇంట్లో ఉంది అనాలి. గుమ్మం దాకా వెళ్లాలి. వెనక్కి పిలుస్తారు. ఇది నా ఎముకల్లో పట్టింది. ఆస్ట్రేలియా వచ్చిన మొదటి వారంలోనే ఒక పెద్ద హార్డ్‌వేర్ దుకాణంలో బకెట్ హ్యాండిల్ వదులుగా ఉందని ధర తగ్గించమన్నాను. కౌంటర్‌లో ఉన్న పిల్ల భయపడి మేనేజర్ని పిలిచింది. నేను అలవాటు ప్రకారం గుమ్మం దాకా నడిచాను. ఎవరూ వెనక్కి పిలవలేదు. కార్ పార్కులో కాసేపు నిలబడి, తిరిగొచ్చి, అదే బకెట్ రాసి ఉన్న ధరకే కొనుక్కున్నాను.

ఆఫీసులోనూ అదే చేశాను, నాకు తెలియకుండానే. రిపోర్టు చివర ఏ రౌండ్‌కు తగినవాడో రాయాలి. నాకు మూడు అనిపిస్తే ఐదు రాసేదాన్ని. సార్ ఫిల్మ్ చూసి, "జర తక్కువేసినవ్" అంటూ పెంచేవారు. నాలుగో మూడో దగ్గర తెగేది. ఇద్దరం కలిసి సరైన చోటికి వస్తున్నామని నా లోపల తృప్తి. రెండేళ్లు ఇలాగే నడిచింది.

రిపోర్టులో అన్నిటికంటే కింద ఒక చిన్న గడి ఉండేది. సార్ స్వయంగా పెట్టిన గడి. "మన జట్టుల కావాల్నా, వద్దా?" ఒక్క మాటే రాయాలి.

మూడో ఏడాది టోమా ఫిల్మ్ వచ్చింది. సమోవా కుటుంబం, మా క్రెయిగీబర్న్‌లోనే పెరిగినవాడు. మా వీధి వెనక ఓవల్ మైదానంలో రగ్బీ ఆడి, స్కాలర్‌షిప్ మీద అమెరికా యూనివర్సిటీకి వెళ్లి, అక్కడ డిఫెన్సివ్ ఎండ్ అయ్యాడు. డ్రాఫ్ట్‌కు మూడు వారాలు ఉంది. అతన్ని తీసుకోవాలా వద్దా అని ఒక జట్టు మా ఆఖరి మాట అడిగింది. సరిగ్గా అప్పుడే సార్‌కు కంట్లో శుక్లాల ఆపరేషన్ అయింది. రెండు వారాలు తెర చూడకూడదన్నారు. "ఈసారికి నీ కండ్లే నా కండ్లు" అని ఫిల్మ్ నాకిచ్చారు.

ఐదు ఆటలు చూశాను. మూత నిండి పల్లీలు బల్ల మీద పడ్డాయి. ఆట అవతలి అంచుకు పోతే మిగతావాళ్లు నడుస్తుంటే, ఇతను మైదానం అడ్డంగా పరిగెత్తుకెళ్లేవాడు. తొంభై శాతం సార్లు ఆలస్యంగానే చేరేవాడు, అయినా ప్రతిసారీ వెళ్లేవాడు. ఇద్దరు మీద పడ్డా మోకాలు నేలకు ఆన్చేవాడు కాదు. మూడో రౌండ్ అని నా మనసుకు తెలుసు. తెలిసే, చీరను పక్కకు తోశాను. చేతులు పొట్టి. మొదటి అడుగు తడబాటు. ఆఖరి భాగంలో రొప్పుతాడు. ఆటలోకి ఆలస్యంగా వచ్చాడు. అన్నీ నిజాలే, అదే చిక్కు. మా పేట పిల్లాడని మెత్తబడ్డాననుకుంటారేమోనని ఇంకాస్త గట్టిగా నొక్కాను. ఆరో రౌండ్ అని రాశాను. ఆఖరి గడిలో "ఆలస్యంగా దొరికితే కావాలి" అని రాశాను.

సోమవారం మధ్యాహ్నం సార్ కంటికి ప్లాస్టిక్ రేకు కట్టుకుని ఆఫీసుకు వచ్చారు. నేను చదివి వినిపించాను. ఆయన గడ్డం నిమురుకుంటూ విన్నారు. నేను ఆగి, పెంచుతారని చూస్తున్నాను.

"ఆరంటవా?"

"ఆరేనండి."

"నువ్వు చూసినవ్, నేను చూడలే. పంపు."

బేరం చేసేవాళ్లకు ఒక భయం తెలుసు. మనం అడిగిన మొదటి ధరకే కొట్టువాడు ఒప్పుకుంటే చీరను మళ్లీ విప్పి చూసుకుంటాం. ఎక్కడో పొరపాటు జరిగిందని అప్పుడే అర్థమవుతుంది. నా చెయ్యి మౌస్ మీద ఆగింది. అయినా నొక్కేశాను. కింద ఆయన సంతకం ఉంది.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. రవికి ఏ దేశపు ఫుట్‌బాల్ అయినా ఒకటే. "ఒక్క రిపోర్ట్‌తో ఎవరి కెరీరూ పోదే రాజీ. వాళ్లకి ఇంకో పది సోర్సెస్ ఉంటాయి. ఓవర్‌థింక్ చెయ్యకు."

"ఆ పదిమందీ నాలాంటి వాళ్లే అయితే?"

"నీలాంటి వాళ్లు ఇంకో పదిమందా? ఊరుకో తల్లీ, భయపెట్టకు" అన్నాడు.

మర్నాడు పొద్దున పిల్లను స్కూల్లో దింపి నేరుగా సార్ ఇంటికి వెళ్లాను. ఆంటీ తలుపు తీసి, చాయ్ పెడతానని లోపలికి వెళ్లారు. సార్ వరండాలో, కళ్లు మూసుకుని, ఇక్కడ ఉత్తరం నుంచి వీచే వేడిగాలికి కూర్చున్నారు. నిలబడే చెప్పేశాను, టోమా ఆరు కాదని, మూడని.

"మూత నిండిందా?"

"నిండి కిందపడ్డాయండి."

"మరెందుకట్ల రాసినవ్?"

"మీరు పెంచుతారనుకున్నానండి."

సార్ ఆపరేషన్ కాని కన్ను తెరిచి నన్ను చూశారు. "రెండేండ్ల సంది నువ్వు తక్కువ రాస్తున్నవ్, నేను పెంచుతున్న. నీ కన్ను జర కఠినమనుకున్న, మంచిదే అనుకున్న. గిది బేరమా బిడ్డా?"

తలూపాను.

"నేను తూకం అడిగితే నువ్వు ధర చెప్పినవ్. కొట్టుల ఎదురుంగ మనిషుంటడు. నువ్వు తగ్గిస్తే వాడు పెంచుతడు. గీ కాగితం కాడ ఆ పిలగాని దిక్కు ఎవరు కూసున్నరు? చెప్పు."

చాయ్ వచ్చింది. సార్ రెండు గుక్కల్లో తాగేసి ఫోన్ అడిగారు. అమెరికాలో అప్పుడు సాయంత్రం. ఇన్నేళ్లలో ఆయన రాసిన మాట వెనక్కి తీసుకోలేదని ఆ వ్యాపారంలో అందరికీ తెలుసు. ఆ పేరుతోనే మాకు పని వచ్చేది. అవతలివాడు ఎత్తగానే, "నిన్న నేను పంపిన రిపోర్టు తప్పు. చూడకుండా సంతకం పెట్టాను. మీకు తెల్లారేలోగా ఇంకొకటి పంపుతాను" అని ఇంగ్లీషులో చెప్పారు. నా పేరు ఎత్తలేదు. అవతలినుంచి వచ్చిన మాటలు నాకు వినబడలేదు గానీ, సార్ మెడ కొంచెం కిందికి దిగడం కనబడింది.

ఫోన్ పెట్టేశాక ఆంటీని పల్లీల డబ్బా తెమ్మన్నారు. "ఫిల్మ్ వెయ్యి. నేను చూడ, నువ్వు చెప్పు. బాగుంది, బాలేదు అనకు. ఏం చేసిండో గదే చెప్పు."

ఆ రోజు ఐదు ఆటలు నోటితో ఆడాను. బంతి కుడివైపు పోయింది, ఇతను ఎడమ అంచులో ఉన్నాడు, కుడి చెయ్యి ముందు పడింది, తోశాడు, లోపలికి రాలేదు, అంచు పట్టుకున్నాడు. సార్ కళ్లు మూసుకునే వింటూ పల్లీలు వేశారు. ఎక్కడైనా నా గొంతులో మెప్పు ధ్వనిస్తే చెయ్యి ఎత్తేవారు. ఎక్కడైనా తగ్గించబోతే అదే చెయ్యి. మధ్యాహ్నం దాటేసరికి మూత నిండింది. పొట్టి చేతులు, తడబడే అడుగు, రొప్పు అన్నీ రిపోర్టులో ఉంచమన్నారు. "లోపం దాచుడు గూడ బేరమే" అన్నారు. కింద మూడో రౌండ్. ఆఖరి గడిలో, "కావాలి."

అది పని చేసిందా అంటే చెప్పలేను. ఆ జట్టు అతన్ని పిలవలేదు. దిద్దిన కాగితాన్ని వాళ్లు ఏ దొంతర అడుగున పెట్టారో తెలియదు. డ్రాఫ్ట్ మూడు రోజులూ ఆఫీసులో టీవీ పెట్టుకుని కూర్చున్నాం. మూడో రౌండ్ పోయింది. నాలుగు పోయింది. ఆదివారం, ఐదో రౌండ్ చివర్లో, వేరే జట్టు టోమా పేరు పిలిచింది. నేను ఏడ్చాను. ఆ రెండు రౌండ్లు నా వల్ల జారాయా, అతని పొట్టి చేతుల వల్లా అని సార్‌ను అడిగాను. "తెల్వది. తెల్వకుంటనే ఉంచుకో" అన్నారు. మమ్మల్ని అడిగిన జట్టు ఆ తర్వాత ఏడాది పాటు మాకు ఫిల్మ్ పంపలేదు. దాని గురించి ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు.

ఆయన పోయాక ఆంటీ ఆఫీసు తాళాలతో పాటు ఒక కవరు నాకిచ్చారు. ఆయన పని మానేసేముందు, తన కుర్చీలో ఎవరు కూర్చోవాలో కంపెనీ భాగస్వాములకు రాసి చూపించిన కాగితం. మా రిపోర్టు ఫారమే. పైన ఆటగాడి పేరు ఉండాల్సిన చోట నా పేరు. మొదటి అడుగు: నిదానం. చేతులు: బేరానికి ముందు లేస్తాయి. నడుము: ఇప్పుడు వంగుతోంది. లోపాలు: తక్కువ చెప్పే అలవాటు, పని మధ్యలో పల్లీలు తింటుంది. ఎవరూ చూడనప్పుడు: తప్పు చేసి, అడగకముందే ఇంటికొచ్చి చెప్పింది.

ఇప్పుడు ఆ కుర్చీ నాదే. కూరగాయల దగ్గర, కార్ల దగ్గర, మా అమ్మాయి పడుకునే వేళ దగ్గర బేరం మానలేదు, మానను కూడా. ఫారం ముందు మాత్రం ఒక్క అంకె రాసి చెయ్యి తీసేస్తాను. సార్ కాగితం సొరుగులో ఉంది. కింద ఆ చిన్న గడిలో ఆయన వంకర అక్షరాల్లో ఒకే మాట ఉంది. "కావాలి." దాన్ని ఎన్నిసార్లు తిరగేసి చూసినా, బేరం పెట్టడానికి ఎక్కడా సందు దొరకలేదు.