సత్తెమ్మక్క తన మీద వేసుకున్న వరుస

నిన్న సాయంత్రం అమీర్‌పేట సందులో మొక్కల బండి ఆగి ఉంది. వాన అప్పుడే వెలిసింది. నల్ల కవర్లలో తడిసిన ఎర్రమట్టి వాసన ముక్కుకు తగలగానే నిలబడిపోయాను. "ఏం గావాలె మేడమ్, గులాబీనా, మల్లెనా?" అని బండి అతను అడిగాడు. నాకు గుర్తొచ్చింది సత్తెమ్మక్క. ఆమె గుర్తొస్తే ఇప్పటికీ తలెత్తుకుని నడవలేను.

డిగ్రీ అయ్యాక ఇక్కడే హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు చేస్తున్న రోజులు. ఫీజు కోసం ఆ వానాకాలం మా మేనత్త ఊరి ఆడవాళ్లతో కలిసి ఆసిఫాబాద్ అవతల అడవిలో మొక్కలు నాటే క్యాంపుకు వెళ్లాను. టార్పాలిన్ గుడారాలు, బురద, జలగలు, మూడు రాళ్ల పొయ్యి. మా మేస్త్రీ సత్తెమ్మక్క. యాభై దాటిన మనిషి. నోట్లో ఎప్పుడూ ఆకూవక్కా. గొంతెత్తితే గుట్ట అవతలికి వినబడేది. మొదటి రోజే నా చేతులు చూసి, "గీ చేతులతోని గడ్డపార పడ్తవా బిడ్డా? ఏం ఫికర్ జెయ్యకు, కాయలు గాస్తె అదే అలవాటైతది" అంది. అలసినవాళ్లను తిట్టేది, తిట్టి వాళ్ల గంప తనే మోసేది. నాకు పని నేర్పిందీ, పదిమందిలో నోరు విప్పి మాట్లాడటం నేర్పిందీ ఆమే.

ఆ క్యాంపులో ఒక పట్టింపు ఉండేది. నెలసరి వచ్చిన ఆడది మొక్కను ముడితే అది మాడిపోతుందట. అందుకని ఆ రోజుల్లో చివరి గుడారంలో విడిగా కూర్చోవాలి. అన్నం దూరం నుంచి పెడతారు. దాచిపెట్టి పనిలోకి దిగినదాన్ని ఊరికి పంపేసేవారు. సత్తెమ్మక్క కూడా గట్టిగా నమ్మేది. నా వంతు వచ్చినప్పుడు నేను చెప్పలేదు. ట్రాక్టరు దగ్గరున్న మగవాళ్లందరి ముందు నుంచి ఆ గుడారానికి నడిచి వెళ్లాలంటే సిగ్గుతో చచ్చిపోయాను.

కొన్నాళ్లకు, వాగు పక్కన ఆ రోజుల్లో నేను నాటిన వరుస వరుసంతా ఎండిపోయింది. ఎవరు ఎక్కడ నాటారో మేస్త్రీకి తప్ప ఇంకెవరికీ గుర్తుండదు. ఆడవాళ్లు గుమిగూడారు. "ఎవలో ముట్టుతోని నాటిన్రు. ఎవలిది గీ వరుస?" అని మల్లవ్వ అనే పెద్దావిడ నిలదీసింది. నన్ను పంపేస్తే ఫీజు లేదు, కోర్సు లేదు, హాస్టల్లో నా మంచం ఇంకొకరిది అవుతుంది.

సత్తెమ్మక్క నా వైపు ఒక్కసారి చూసి, ఆకు ఉమ్మేసి, "నాదే" అంది.

"నీకింక అయితదా సత్తెమ్మా?"

"నా ఒంటి ముచ్చట నీకెందుకే? అయింది. సోయి లేక ముట్టిన."

మేస్త్రీ గనక ఊరికి పంపలేదు గానీ, మళ్లీ మొక్క ముట్టనివ్వలేదు. క్యాంపు ఎత్తేసేదాకా చివరి గుడారంలోనే కూర్చోబెట్టారు. ఆమెకు అన్నం పెట్టే పని నాకే అప్పగించారు. మోదుగాకుల విస్తరి తీసుకుపోయి, చెయ్యి చాచి, ఆమెకు తగలకుండా పెట్టాలి. నన్ను చూసి నవ్వింది. "అక్కా, ఆ వరుస…" అన్నాను.

"బువ్వ వెట్టి పో బిడ్డా. సదువుకునే పిల్లవు."

పోయాను. ఏడుస్తూ పోయానని చెప్పుకుంటే బాగుంటుంది. కాదు, హమ్మయ్య అనుకుంటూ పోయాను.

ఆ మొక్కలు ఎందుకు ఎండాయో ఏమో, రాతినేల కావచ్చు, చెదలు కావచ్చు. నా వల్ల కాదని ఇప్పుడు నాకు తెలుసు. ఆమెకు తెలియదు. నా వల్లేనని నమ్మి మరీ తన మీద వేసుకుంది. మరుసటి ఏడు ఆమెను మేస్త్రీగా ఎవరూ పిలవలేదు. పోయిందని మేనత్త చెప్పే నాటికి నేను సోమాజిగూడలో ఉద్యోగంలో కుదురుకున్నాను. అప్పటిదాకా ఒక్కసారి కూడా ఆమెను చూడటానికి వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఏదో తప్పు చేసింది. "ఎవరిది ఈ పని?" అని మేనేజరు మీటింగులో కేకలేశాడు. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "నాదే సార్" అన్నాను. అందరి ముందూ చీవాట్లు తిన్నాను. బయటికొచ్చాక ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "మీకు మస్తు ధైర్యం అక్కా" అంది. ఆ మాట వినవలసిన మనిషిని నేను కాదు. చెయ్యి విడిపించుకుని, ముఖం కడుక్కోవడానికి వెళ్లిపోయాను.