చాలు అన్న మాట

మా ఆయనకు ఇత్తడి అంటే ప్రాణం. నేను ఇత్తడి తరవాతే. కుళ్లుతో అంటున్న మాట కాదిది, పెళ్లైన కొత్తలో ఆయనే నవ్వుతూ చెప్పాడు. వంటింటి వెనకున్న ఇరుకు గదిలో పీట వేసుకుని, గ్యాస్ మంటతో పంపుల ఇత్తడి ముక్కలు అతికేవాడు. కిటికీ మూసెయ్యాల్సిందే. వెలుతురులో ఇత్తడి ఎర్రబడటం కనపడదట. ఉడుకు, పొగ, చెమట. "ఏవయ్యా, మనుషులుండే కొంపేనా ఇది?" అని నేను అరవడం, ఆయన వినపడనట్టు ఉండటం, అదీ మా కాపురం.

ఆ పని కత్తి మీద సామే. అతికే చోట వెలిగారం పూసి మంట పెడితే అది ముందు పొంగి, తరవాత నీళ్లలా తేటపడుతుంది. ఇత్తడి మసక ఎరుపుకు వచ్చాక వెండి కలిసిన కడ్డీ తాకిస్తే, కడ్డీ కరిగి సందంతా పాకుతుంది. వెంటనే మంట తీసెయ్యాలి. ఇంకాస్త ఆగితే తెల్లపొగ లేచి ఇత్తడే కుంగిపోతుంది. కుంగినదాన్ని బాగుచేసే మొనగాడు లేడు.

అలాంటి పని చేసే మనిషికి కళ్లు పోసాగాయి. తిరిగొచ్చే చూపు కాదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఇంటికొచ్చి తిండి మానేసి పడుకున్నాడు. "పని లేకపోతే నేనెందుకే?" అన్నాడు. నాకు భయమేసింది. కోపమూ వచ్చింది. "నా కళ్లు లేవా? లే, లేచి మంట వెలిగించు," అన్నాను.

అప్పటినుంచి చేతులు ఆయనవి, చూపు నాది. ఇత్తడి ఎర్రబడగానే నేను "ఊఁ" అంటే కడ్డీ పెట్టేవాడు. కడ్డీ కరిగి పాకగానే "చాలు" అంటే మంట తీసేవాడు. పని ఇచ్చే పంపులాయనకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. చూపులేని వాడి చేతికి నిప్పుపని ఎవరిస్తారు?

కానీ ఇలాంటివి దాగుతాయా! ఓ పూట పంపులాయన విరిగిన పంపు మెడ పట్టుకుని తానే వచ్చాడు. పాతకాలం పంపు, అలాంటి మెడ ఇప్పుడు ఎక్కడా దొరకదు. "బావా, నా ముందే అతుకు, చూస్తా," అన్నాడు నవ్వుతూ. నన్ను చెల్లెమ్మా అని పిలుస్తాడు గనక ఈయన బావ. ఏదో విని వచ్చాడని ఆ నవ్వులోనే తెలిసిపోయింది. ఇది చెడితే ఇక పని రాదు. పని రాకపోతే మా ఆయన నాకు దక్కడు.

ఆ పొద్దున్నే ఇద్దరం పోట్లాడుకుని ఉన్నాం. వచ్చినాయన ముందు కూడా నా నోరు ఊరుకోలేదు. "మీ బావకు తిండొద్దు, మందులొద్దు, నా మాట అసలే వద్దు!"

"ఇక ఆపవే," అన్నాడు మా ఆయన.

"ఆపుతాలే. నీతో వేగింది చాలు, ఈ చాకిరీ చాలు," అని విసుక్కుంటూనే పక్కన కూర్చున్నాను.

మంట పెట్టాడు. వెలిగారం తేటపడింది. ఎరుపు వచ్చింది. "ఊఁ" అన్నాను. కడ్డీ కరిగి చుట్టూ చక్కగా పాకింది. "చాలు," అన్నాను. నా గొంతులో విసుగు ఇంకా పోలేదు.

"సరేలే, విన్నాను," అన్నాడు ఆయన. మంట మాత్రం తియ్యలేదు.

"మంట తియ్యి!" అని అరిచేసరికే తెల్లపొగ లేచింది. మెడ ఓ పక్కకు వాలి, ముద్దలా జారిపోయింది.

"చాలని చెప్పాను కదయ్యా!"

"నన్ననుకున్నానే," అన్నాడు మెల్లగా. "నాతో చాలంటున్నావనుకున్నా."

నా నోరు పడిపోను! ఆయన భుజం పట్టుకుని ఏడ్చాను.

పంపులాయనకు అంతా అర్థమైంది. తిట్టి ఉంటే బాగుండేది. "చెల్లెమ్మా, రంగు నీకు తెలుసుగా. మంట పట్టడం కూడా నేర్చుకో, పని నీకు పంపుతా. బావకు మాత్రం ఇక పంపలేను," అన్నాడు. పొమ్మని అరవబోయాను. అంతలో మా ఆయన పీట మీంచి లేచి, గోడ తడుముకుంటూ పక్కకు జరిగాడు.

"కూర్చో," అన్నాడు నాతో.

"చచ్చినా కూర్చోను."

"కూర్చోవే. నేర్పుతా."

నేర్పాడు. మంట చప్పుడును బట్టే నా తప్పులు పట్టేవాడు, నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఎన్ని తుక్కు ముక్కలు పాడుచేశానో లెక్కలేదు. మళ్లీ అన్నం తింటున్నాడని ఆ తిట్లన్నీ సంతోషంగా పడ్డాను. నాకు పని వచ్చేస్తే ఆయనకు ఏం మిగులుతుందన్నది ఆలోచించనే లేదు.

చివరికి ఓ గొట్టం అతికి, వేణ్నీళ్లలో కడిగి ఆయన చేతిలో పెట్టాను. "నీ అంత బాగా రాలేదులే," అన్నాను. ఆయన బొటనవేలితో చుట్టూ తడిమాడు. మళ్లీ తడిమాడు. గోరుతో గీరి చూశాడు.

"అతుకు ఎక్కడే?" అన్నాడు. "నాకు దొరకట్లేదు."

ఆ పనిలో అంతకు మించిన మెచ్చుకోలు లేదు. ఆయన చెంపల మీద కన్నీళ్లు జారుతున్నాయి. ఆ ఒక్క అతుకూ చెడిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.