వరుస మీది చిన్న అక్షరం

మా మావయ్యగారు గుంటూరులో ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరుగా పనిచేసి రిటైరయ్యారు. తెలుగు సువార్త పుస్తకాలు చాలావరకు ఆయన చేతి మీదుగానే వెళ్ళాయట. అత్తయ్యతో కలిసి కెనడాలో, ఏజాక్స్‌లోని మా ఇంటికి వచ్చాక ఆయనకు దిద్దడానికి నేను రాసే సరుకుల చీటీ తప్ప మరేమీ దొరకలేదు. దాంతో ఆన్‌లైన్‌లో గ్రీకు నేర్చుకోవడం మొదలుపెట్టారు.

టొరంటోలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో సువార్తల తొలి గ్రీకు ప్రతుల ముక్కలు ప్రదర్శనకు పెట్టారని తెలిసింది. ఇక ఆయన కాలు నిలవలేదు.

"అక్కడ నేను చదివి నీకు అర్థం చెబుతానమ్మా."

"అలాగే మావయ్యగారూ. నోట్స్ రాసుకుంటాను," అన్నాను.

శనివారం ట్రైన్‌లో వెళ్ళాం. గాజు పెట్టెలో అరచేతిలో సగం కూడా లేని పాపిరస్ ముక్క, రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం. అంచులు చెదలు తిన్నట్టున్నాయి. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వంగారు. ఐదు నిమిషాలైంది.

"ఏం రాసుందండీ?"

"తొందరపెట్టకు. మాటకీ మాటకీ మధ్య జాగా వదల్లేదు వీళ్ళు."

ఇంకో ఐదు నిమిషాలు.

"వచనాల నంబర్లు కూడా వెయ్యలేదు," అన్నారు కోపంగా.

"ప్రెస్సుకి కంప్లైంట్ ఇద్దామా?"

అక్కడి విభాగం చూసే ఆవిడ వచ్చి, పైన గీత ఉన్న రెండు అక్షరాలు చూపించింది. అది యేసు పేరట. పవిత్రమైన పేర్లను అలా కుదించి రాసేవారట.

"మా మేనేజరైతే ఊరుకునేవాడు కాదు," అని నాతో తెలుగులో గొణిగారు మావయ్యగారు. ఉన్నట్టుండి గాజు మీద వేలు పెట్టారు. "ఇదిగో, చూడు!"

వరుసకు కాస్త పైన, రెండు అక్షరాల నడుమ, ఇంకో బుల్లి అక్షరం.

"రాసినవాడు ఒకటి వదిలేశాడు. మళ్ళీ చూసుకుని పైన రాశాడు. హంసపాదు పెట్టలేదు గానీ, మేం చేసే పనే ఇది!"

ఆవిడ వంగి చూసి, రాసినవాడే దిద్దుకుని ఉంటాడని చెప్పి, మావయ్యగారిని మెచ్చుకుంది. ఇక ఆయన గొప్పలకు అంతుండదనుకున్నాను. కానీ తిరుగు ట్రైన్‌లో ఆయన ఎత్తుకున్న సంగతి వేరు.

"అమ్మా, నేనొకటి వదిలేశాను," అన్నారు. "ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఒక్క ఎత్వం. ఐదు రొట్టెలూ రెండు చేపలూ అని ఉండాలి. ఐదు రొట్టలు అని అచ్చయిపోయింది."

నేను నవ్వు ఆపుకోవాలని చూశాను. "అంటే, యేసుప్రభువు ఆ ఐదువేలమంది జనానికి పచ్చిరొట్ట పెట్టారా?"

"ఒక పాస్టరుగారు ప్రెస్సుకి ఉత్తరంలో అదే రాశారు. 'అయ్యా, వాళ్ళు మనుషులండీ' అని. సిగ్గుతో జవాబివ్వలేదు. మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు."

ఆయన ముఖం చూస్తే జాలేసింది. కానీ అప్పటికే నవ్వొచ్చేసింది. ఆయన నావైపు కాసేపు గుర్రుగా చూశారు. తర్వాత ఆయన భుజాలు కూడా నవ్వుతో కదలడం మొదలైంది. ఎదుటి సీటులో అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి మరీ చూసింది.

ఇంటికి రాగానే అత్తయ్యను కూర్చోబెట్టి, ఆయనే మొదటినుంచీ చెప్పారు.