రైలుదారి మీద నెత్తళ్ళు

ఆస్తి పోయినంత తొందరగా ఠీవి పోదు, దానికి ఇంకో తరం పడుతుంది. తొంభైల్లో మా ఇంట్లో ఆ తరం నేనే. తాతగారి మెరక పొలాలూ పల్లపు పొలాలూ అన్నీ పరులపాలయ్యాక మాకు మిగిలినవి గంజి పెట్టిన చొక్కాలూ, వంగని మెడలూ. ఆ రోజుల్లో బందరులో రేవు వైపు పోయే పాత రైలు పట్టాలు పీకేశారు. ఏళ్ళ తరబడి రైలు మొహం చూడని ఆ దారిని ఏం చేయాలో తోచక, మున్సిపాలిటీవారు సిమెంటు పోయించి, ఒక పక్క నడిచేవాళ్ళకి, ఒక పక్క సైకిళ్ళకి అని మధ్యలో గీత గీయించారు. మనుషులకి నడవడం కూడా ఒకరు నేర్పాలా అని నాకు నవ్వొచ్చింది. (మా తాతగారి లెక్కలో పని ఉన్నవాడు నడుస్తాడు, లేనివాడు కూర్చుంటాడు. పని లేకుండా నడిచేవాడికి వైద్యం చేయించాలి.) ఆ నవ్వు పూర్తికాకముందే, మున్సిపాలిటీలో పనిచేసే మా మావయ్య అదే దారికి నన్ను సూపర్‌వైజరుగా వేయించాడు.

సూపర్‌వైజరంటే కాపలావాడు. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు. ఒక విజిలూ, ఒక ఖాకీ టోపీ ఇచ్చారు. విజిలు పుచ్చుకుని టోపీ తిరస్కరించాను. ప్రారంభోత్సవం నాటికి దారి మీద పూచికపుల్ల లేకుండా ఉంటే ఉద్యోగం ఖాయమనీ, లేకపోతే ఇంటికేననీ మావయ్య రెండుసార్లు చెప్పాడు. ఇంట్లో ఇంకెవరికీ సంపాదన లేదు కనక తల ఊపాను.

మొదటి రోజు వెళ్ళి చూస్తే నా దారి వెండిపూత పూసినట్టు మెరుస్తోంది. దగ్గరికెళ్తే నెత్తళ్ళు. వేలెడేసి చేపల్ని, రేవు పక్కనున్న గిలకలదిండి జాలరి ఆడవాళ్ళు తట్టలతో తెచ్చి, నడిచేవైపూ సైకిళ్ళవైపూ అని తేడా లేకుండా ఆరబోశారు. వాళ్ళకి పెద్దదిక్కు ఒకావిడ. అందరూ నెత్తళ్ళత్త అనేవారు. గట్టిగా విజిలు ఊదాను.

"ఎందుకు బాబూ ఆ ఊదటం, రైలొస్తందా?" అందావిడ తలెత్తకుండా.

"ఇది ఎండబెట్టుకునే చోటు కాదు. జనం నడిచే దారి."

"నడవమను, మేం వద్దన్నామా. ఇసకలో ఎండితే పంటికింద కరకరలాడుద్ది. ఇక్కడైతే అద్దంలా ఎండుద్ది. ఇన్నాళ్ళకి మీ మున్సిపాలిటీ ఒక మంచి పని చేసింది."

"నేనెవరి మనవణ్ణో తెలుసా నీకు?" అన్నాను. (మా ఇంట్లో అమ్ముడుపోకుండా మిగిలిన ఆయుధం ఇదొక్కటే.)

"తెలవకేం. పెద్దింటి బాబుగారు. అందుకేగా ఆ నీడపట్టు మీకొదిలేశాం. కూసోండి."

పది రోజులు ఇదే వరస. చివరికి ప్రారంభోత్సవం నాటి పొద్దున ఆవిడకే జాలేసింది. "మీ కొలువు పోతే మాకేం ఒరుగుద్ది. వాళ్ళొచ్చేది నాలుక్కేగా, మూడింటికల్లా ఎత్తేస్తాం" అంది. దారి మొదట్లో పందిరి వేసి, పెద్దల కోసం రెండు ఎర్ర సోఫాలు పెట్టి, రిబ్బను కట్టారు. రెండు దాటాక, పడవలొచ్చాయని తక్కిన ఆడవాళ్ళంతా హార్బరుకి పరిగెత్తారు. ఆవిడ ఒక్కతే మిగిలింది. సరిగ్గా అప్పుడే సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది.

మా వైపు ఒక ధర్మం ఉంది. కళ్ళంలో ధాన్యమైనా, వాకిట్లో మినుములైనా, ఆరబోసింది ఎవరిదైనా సరే, చినుకు పడితే దారిన పోయేవాడు ఆగి చెయ్యి వేస్తాడు. అప్పుడు పాత పగలు గుర్తురావు. తన మీద దావా వేసినవాడి ధాన్యాన్ని తాతగారే స్వయంగా ఎత్తి వచ్చారని ఇంట్లో చెప్పుకునేవారు. మొదటి చినుకు పడగానే నాకు తెలియకుండానే నా నడుం వంగింది.

"ఎక్కడ పెట్టేది బాబుగారూ?" అంది అత్త, రెండు చేతులా తట్టలోకి ఊడుస్తూ.

తడవని చోటు ఒక్కటే కనిపించింది. "పందిట్లో పెట్టు" అన్నాను. ఆ కొలువులో నేనిచ్చిన ఉత్తర్వుల్లో అమలైంది అదొక్కటే.

జీపులు వచ్చేసరికి సోఫాల మీద తట్టలు కొలువుతీరి ఉన్నాయి. చివరి తట్ట నా నెత్తిన ఉంది. ఆఫీసరుగారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని దిగారు.

"ఎవరయ్యా ఇక్కడ సూపర్‌వైజరు?"

"నేనేనండి" అన్నాను తట్ట కిందనుంచి.

ఆయన వెనకాలే ఉన్న మావయ్య ముందుకొచ్చాడు. "వీళ్ళు బలవంతంగా పెట్టేసుంటారండి. మావాడు తీయిస్తున్నాడు. అంతేగదరా?" అన్నాడు. అబద్ధానికి దారి నున్నగా సిమెంటు చేసి ఇచ్చాడు. అవునంటే చాలు, ఉద్యోగం ఖాయం. "మాదే తప్పని అనెయ్యండి బాబూ, మమ్మల్నేం చేస్తారు" అని అత్త కూడా గొణిగింది.

"కాదండి. నేనే పెట్టించాను" అన్నాను. "వాన తగ్గేదాకా తీయించేది లేదు."

"అయితే నువ్వు వెళ్ళొచ్చు" అన్నారాయన.

"మీ అమ్మకేం చెప్పుకోనురా" అన్నాడు మావయ్య.

తట్ట జాగ్రత్తగా దించి, దాని మీద విజిలు పెట్టి, రిబ్బను కింద నుంచి దూరి (దూరినప్పుడు వంగక తప్పలేదు) ఆ దారినే ఇంటికి బయల్దేరాను. పెద్దలు జీపుల్లో కూర్చుని వాన తగ్గడం కోసం చూస్తున్నారు. అంచేత ఆ దారి మీద మొదట నడిచింది నేనే. నాలుగు కుక్కలు పరివారంలా వెంట నడిచాయి. నా నడకలోని రాజసం చూసే వస్తున్నాయని ఇంటిదాకా నమ్మాను. ఎవరి ఒంటి వాసన వాళ్ళకి తెలియని వయసు అది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అంత నిటారుగా ఆ తర్వాత ఎప్పుడూ నడిచినట్టు గుర్తులేదు.