నీలం చీటీ, ఎర్ర చీటీ

మా పాపకు కొన్న రిమోటు కారు అట్టపెట్టె విప్పగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నా బొటనవేళ్లు ఊరుకోవు, వాటంతటవే కదులుతాయి.

పెద్దముడియం దగ్గర మా ఊరు. ఊరంటే రెండు వీధులు, రెండు వీధులంటే రెండు పార్టీలు. మా వీధిలో గేట్లకు, అరుగులకు, ఎలక్షన్లప్పుడు ఎద్దుల కొమ్ములకు కూడా నీలం రంగే. ఎదురు వీధికి ఎరుపు. మధ్యలో బండలు పరిచిన రోడ్డు, దాని పక్కన పోలీసు పికెట్టు గుడారం. ఆ రోడ్డు దాటి ఆడుకోవడానికి వీల్లేదు. ఆ ఎండాకాలం సెలవుల్లో మా వీధి పిల్లలకు రిమోటు కార్ల పిచ్చి పట్టింది. చిన్నాన్న కొడుకు శివుడికి అప్పటికే కారొచ్చింది. వాడితో పందెం వేసి గెలవాలి, అంతే! నాకు అన్నం కూడా సహించలేదు.

కారు కొనిపెట్టడానికి నాన్న నన్ను బస్సెక్కించి ప్రొద్దుటూరు తీసుకెళ్లాడు. ఉగ్గాని, బజ్జీ తిని, ఆ మిరపకాయ మంట నోట్లో ఉండగానే, టంకం పొగ కమ్ముకున్న మస్తాన్ మామ రేడియో కొట్లో కూర్చున్నాం. రిమోటులో ఒకటి, కార్లోని రిసీవరులో ఒకటి రేడియో తరంగాన్ని కుదిర్చే గోరంత క్రిస్టల్ పెట్టాలని, రెంటికీ ఒకే రంగు చీటీ ఉండాలని ఆయన చూపించాడు.

"మీ ఈదిలో ఇంకెవురికన్నా కారుందామ్మా? ఉంటే వాళ్ల రంగు నీకొద్దు, రెండూ కలబడతాయి," అన్నాడు మామ.

"శివునిది నీలం. నాకు ఎర్రది కావల్ల," అన్నాను.

నాన్న మొహం మాడిపోయింది. "మనింట్లోకి ఎర్రదా? తలకాయ తిరుగుతాందా నీకు? నీలమే పెట్టప్పా."

మామ నెత్తి కొట్టుకుని నీలమే పెట్టాడు.

మర్నాడు నేను మీట నొక్కితే శివుడి కారు కూడా ఉరికింది. వాడు వెనక్కి తిప్పితే నాదీ వెనక్కే వచ్చింది. చివరికి రెండూ గుద్దుకుని మురికికాలవలో పడ్డాయి. వీధిలో ఇంకో రెండు కార్లున్నాయి, అవీ నీలమే! ఏ ఇంట్లో అడిగినా మా నాన్న మాటే. ఒళ్లు మండి, కారు చంకన పెట్టుకుని రోడ్డు అంచున కూర్చున్నాను. అవతలి అంచున నా ఈడు పిల్ల సుజాత, చంకలో కారుతో, అచ్చం నాలాంటి ఏడుపు మొహంతో కూర్చుని ఉంది. వాళ్ల వీధి కార్లన్నీ ఎరుపేనని వేరే చెప్పాలా?

నాది నీలం, తనది ఎరుపు. లేచి వెళ్లి కార్లను రోడ్డు మీద పక్కపక్కన పెట్టాం. పికెట్టు కానిస్టేబులు విసనకర్ర కింద పెట్టి విజిల్ ఊదాడు. అబ్బ, ఏం పరుగు! ఒకదాని జోలికి ఒకటి పోకుండా, బండల సందుల మీద ఎగురుతూ, దుమ్ము లేపుకుంటూ రెండు కార్లూ దూసుకుపోయాయి. రెండు వీధుల జనం రెండంచులా మూగారు. నాన్న కర్ర పట్టుకుని వస్తున్నా నేను మీట వదల్లేదు. ఆయన వచ్చాడు, చూశాడు, ఉండబట్టలేక "తిప్పు పాపా, ఎడంపక్కకు తిప్పు!" అని అరిచాడు.

"తోలు మ్మే, తోలు!" అవతలి నుంచి సుజాత వాళ్ల నాన్న.

జానెడు తేడాతో సుజాతే గెలిచింది.

"ఇంగోసారి ఏయిద్దామప్పా!" అన్నాడు నాన్న. ఎదురు వీధి మనిషితో ఆయన మాట్లాడగా నేను విన్న మొదటి మాట అది.

ఇప్పుడు క్రిస్టళ్లు లేవు, చీటీలు లేవు, మస్తాన్ మామ కొట్టూ లేదు. పికెట్టు ఎత్తేశారు. మా పాప మీట నొక్కగానే రిమోటూ కారూ వాటంతటవే జత కుదిరాయి. ఎన్ని కార్లయినా ఒకేచోట తిప్పుకోవచ్చట. కానీ పందేనికి ఎవరూ లేక పాప వరండాలో ఒక్కతే తిప్పుకుంటోంది. చూడలేక ఫోన్ తీశాను.

"మ్మే సుజాతా, మీ పిల్లోనికి రిమోటు కారుందా?"

"ఉందిలే," అని నవ్వింది. "ఏ రంగని అడగవా?"