తాడ్వాయిలో నన్ను దింపి వెళ్ళిన అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. ఆ మాట మా ఆడబిడ్డ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను ఎల్లారెడ్డిలో మా ఇంట్లో లేను, తాడ్వాయిలో మా అమ్మ దగ్గర ఉన్నాను. మూడేళ్లు ఒక్క పూట కూడా ఆమెను విడిచి ఉండలేదు. ఆమె పోయిన పూట మాత్రం పక్కన లేను. నెల కావస్తున్నా వాడకట్టులో ఇంకా అంటూనే ఉన్నారు, "కోడలు అటు పోయింది, ముసలామె ఇటు పోయింది" అని. వాళ్లకు జవాబుగా కాదు గానీ, ఆమె ఎలాంటి మనిషో మీకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లూ వానాకాలం వచ్చిందంటే ఇరవై మంది ఆడవాళ్లను వెంటేసుకుని నాట్లకు వెళ్లేది. ఆ గుంపుకు ఆమే పెద్ద. డెబ్భై దాటాక గుండె బలం తగ్గింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, సాయంత్రానికి కాళ్లు వాపు. ఉప్పు మానెయ్యాలని, నీళ్లు రోజంతా కలిపి లీటరు దాటొద్దని కామారెడ్డిలో డాక్టరు చెప్పాడు. పిక్కల లోతు బురదనీళ్లలో బతికిన మనిషికి లీటరు నీళ్లు! రోజూ కొలిచి చెంబులో పోసి పెట్టేదాన్ని. అందులో సగం గ్లాసు ఎలాగైనా మిగుల్చుకుని, పొద్దుగూకే వేళ గడపలో కూర్చుని, దారిన పోయేవాళ్లను పలకరిస్తూ గుక్క గుక్కగా తాగేది. "గీ సగం గిలాస కోసమే పొద్దంత గడుపుతున్న" అనేది.

మా ఆయన మస్కట్‌లో పని చేస్తాడు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. వెల్లకిలా పడుకుంటే ఆమెకు ఊపిరాడదు, అందుకని మూడు దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టేదాన్ని. దిండు జారితే మళ్ళీ లేచి సర్దాలి. వాపు తగ్గే గోలీ వేసుకున్నాక మాటిమాటికీ బాత్రూమ్‌కు నడిపించాలి. చుట్టాలు పండ్లు పట్టుకుని వచ్చేవారు, ఏం పెట్టాలో ఏం పెట్టొద్దో తలా ఒక మాట చెప్పి, నా చేతి చాయ తాగి వెళ్లేవారు. "అత్తకు ఎట్లున్నది?" అని అందరూ అడిగారు. ఫోన్‌లో మా ఆయనా అదే అడిగాడు. తప్పుపట్టడం లేదు. అడగాల్సిన మాటే అది.

మొన్న ఎండాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. రెండు ముద్దలు తిన్నానో లేదో ఆమె పిలిచింది. వెళ్లి నడిపించుకొచ్చాను. మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ పిలిచింది. మూడోసారి కంచం నేలకు కొట్టినట్టు పెట్టి, "ఒక్క గంట కూసోనియ్యవా అత్తమ్మా? నేను మనిషిని కాదా?" అని అరిచాను.

ఆ తర్వాత ఆమె పిలవలేదు. నేను గోడకు ఆనుకుని ఎప్పుడు కునుకు తీశానో తెలియదు. లేచి చూస్తే మంచం మీద లేదు. వెనక నల్లా దగ్గర, తడిసిన చీర ముందేసుకుని, ఒక పిడికెడు పిండి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఒక పిడికెడు పిండుతోంది. నన్ను పిలవకుండా ఆపుకుని, ఇక ఆపుకోలేకపోయింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆమె తడి చేయి నా తలమీద పెట్టింది.

"నువ్వు చెడ్డదానివి కావు పిల్లా. అలిసిపోయినవ్. ఆ రెండు చూసేటోళ్లకు ఒక్క తీర్గనే కనవడ్తయ్."

ఇంతవరకూ నా గురించి ఎవరూ అంత సరిగ్గా చెప్పలేదు.

ఆ వారమే కామారెడ్డిలో చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. డాక్టరు గదిలోకి వెళ్లగానే, ఎప్పుడూ తాను కూర్చునే స్టూలు మీద నన్ను కూర్చోబెట్టింది.

"నాది తర్వాత సారూ. ముందుగాల మా కోడల్ని చూడుండ్రి."

ఆయన నవ్వుతూనే నా చేతికి పట్టీ చుట్టాడు. బీపీ చూసి నవ్వు ఆపేశాడు. రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతున్నావమ్మా అని అడిగాడు. నేను లెక్కపెట్టుకునేలోపు అత్తమ్మే అందుకుంది.

"దీనికి గోలీలు తర్వాత రాయుండ్రి. నిద్ర రాయుండ్రి సారూ."

బయటికొస్తే గేటు దగ్గర సంచితో మా ఆడబిడ్డ నిలబడి ఉంది. పక్కింటి వాళ్ల ఫోన్‌తో కబురు చేసి నస్రుల్లాబాద్ నుంచి అత్తమ్మే పిలిపించిందట. ముగ్గురం ఎల్లారెడ్డి బస్సెక్కాం. ఆ బస్సు తాడ్వాయి మీదుగానే వెళుతుంది. మూడేళ్లుగా నెలనెలా మా అమ్మ ఊరి మీదుగా పోయి వస్తున్నా ఒక్కసారీ దిగింది లేదు. దిగితే అత్తమ్మను ఎవరు చూస్తారు? తాడ్వాయి రాగానే ఆమె కండక్టరును ఆపమంది. తన మందుల సంచి అడుగు నుంచి నా చీరలు రెండు తీసి ఒళ్లో పెట్టింది.

"దిగు పిల్లా."

"నీ గోలీలు ఎవరిస్తరు అత్తమ్మా?"

"నా బిడ్డ ఇస్తది. పది దినాలు నీ మొఖం నాకు సూపియ్యకు. ఒస్తే తలుపు తియ్యనే తియ్య."

దిగాను. బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి చూడలేదు. ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని, ఊపిరి ఎగబీలుస్తూ నిటారుగా కూర్చుని ఉంది. నేను ఆమెను ప్రాణాలతో చూడడం అదే ఆఖరు. ఆరో రోజు పోయింది.

నేను ఇంటికి చేరేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. ఒక్క దిండు కూడా లేకుండా వెల్లకిలా పడుకుని ఉంది. మూడేళ్లలో ఆమెను అలా చూడలేదు. ఏడుపుతో పాటు, ఇక ఎవరూ పిలవరన్న తేలికా నాలో కలిగింది. దాచుకోను. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆమె వింటే మళ్ళీ ఆ మాటే అనేదేమో, అలిసిపోయినవ్ పిల్లా అని.

"నాకు ముందే ఎందుకు ఫోన్ చెయ్యలేదు వదినా?" అని ఆడబిడ్డను నిలదీశాను. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తెల్లారంగనే ఆయాసం ఎక్కువైంది. ఆటోకు చెప్పిన. నీకు చేస్తనని ఫోన్ పట్టుకుంటే నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ‘దాన్ని పండుకోనియ్యి. లేపితే ఉరుక్కుంటొస్తది’ అన్నది. ఆటో వచ్చేవరకే అయిపోయింది."

ఆ సమయానికి నేనేం చేస్తున్నానో తర్వాత మా అమ్మ చెప్పింది. పొద్దెక్కినా నేను లేవలేదట. కిటికీలోంచి ఎండ ముఖం మీద పడుతోందని, తన పాత చీర ఒకటి తెచ్చి అడ్డంగా కట్టిందట. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, ఎవరూ లోపలికి రాకుండా బయట అరుగు మీద కాపలా కూర్చుందట.